పక్క సందులో ఇనుప మెట్లు

“ఆ ఇనుప మెట్ల గోల ఇప్పుడెందుకండీ? నాలుగు మంచి జ్ఞాపకాలు చెప్పుకుందామని కూర్చున్నాం,” అంది మిసెస్ హార్గ్రోవ్, మైకు తన వైపు లాక్కుంటూ.

ఒడెస్సా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కూర్చునేది కాదు.

లైబ్రరీ హాలు కిటకిటలాడుతోంది. బెల్వెడేర్ సినిమా హాలును కూలగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేసిన ఇన్నేళ్లకు, ఆ అమెరికా దక్షిణాది ఊరికి దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ స్థలంలో శిలాఫలకం పెడతారట. దానిమీద ఏం రాయాలో తేల్చడానికే ఈ మీటింగు. అప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఎర్ర మఖమల్ కుర్చీల గురించీ, వెన్న పోసిన పాప్‌కార్న్ గురించీ చెప్పి కళ్లు ఒత్తుకున్నారు. వింటుంటే ఒడెస్సాకు ఒళ్లు మండిపోయింది.

నల్లవాళ్లకు ఆ కుర్చీలూ లేవు, ఆ పాప్‌కార్నూ లేదు. గేటు దగ్గరి మనిషి ఒంటి రంగు చూసి, ఎవరెటు పోవాలో చేత్తోనే చూపించేవాడు; ఎవరి బిడ్డవని అడిగేవాడు కాదు. నల్లవాళ్లు పక్క సందులోకి పోయి, వేరే కిటికీలో టికెట్టు కొనుక్కుని, బయటి ఇనుప మెట్లెక్కి, బాల్కనీలో చెక్క బల్లల మీద కూర్చోవాలి. ఈ సంగతి ఒక్క వాక్యంగానైనా ఆ రాతి మీద ఉండాలి. ఒడెస్సా వచ్చింది అందుకే.

“పాత గొడవలు తవ్వుకోవడం దేనికి ఆంటీ?” అన్నాడు కమిటీ సభ్యుడు బాస్కమ్. “అప్పట్లో అందరం కలిసే సినిమా చూశాం కదా.”

“చూశాం. మీరు కింద, మేం మీ నెత్తిమీద. ఇంకోమాట, నల్లావిడ కనబడితే చాలు, పేరు లేనట్టు ఆంటీ అనే రోజులు పోయాయి. నా పేరు మిసెస్ టిబ్స్.”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాస్కమ్ మొహం కందగడ్డలా అయింది.

అధ్యక్షురాలు మిసెస్ హార్గ్రోవ్ మాత్రం తొణకలేదు. మెడలో ముత్యాలు సర్దుకుంది. భర్త పోయాక షికాగో వదిలి, ఆయన సొంతూరని ఇక్కడికొచ్చి మేడ కొనుక్కున్న మనిషి. వచ్చిన ఏడాదికే ఊళ్లో ప్రతి కమిటీలోనూ ఆమె మాటే చెల్లుతోంది.

“నేను మా ఆయన్ని మొదటిసారి చూసింది ఆ హాల్లోనే. దాన్ని బురదలోకి లాగితే చూస్తూ ఊరుకోను,” అంది. “అసలు ఆ మెట్లెక్కి ఎవరు కూర్చున్నారు, ఏం చూశారు? ఎవరికి కావాలి?”

“మా అమ్మ కూర్చుంది,” అంది ఒడెస్సా. “ప్రతి శనివారం, మొదటి బల్ల మీద. కమ్మీకి గడ్డం ఆనించి కిందికే చూస్తూ ఉండేది. తెర వైపు తలెత్తేది కాదు.”

“సినిమాకొచ్చి సినిమా చూడకపోవడమేంటి?” అన్నాడు బాస్కమ్.

“తన చేతుల్లో పెరిగిన పిల్ల కింద కూర్చునేది. తెల్లవాళ్ల మధ్య. ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి చూస్తుందేమోనని మా అమ్మ ఆశ.”

హాలంతా మెత్తబడింది. “మా ఆయా కూడా అంతేనమ్మా, మేమంటే ప్రాణం పెట్టేది,” అని ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదింది. బాస్కమ్ కూడా గొంతు తగ్గించాడు. “మీ అమ్మ ఏ ఇంట్లో చేసేదో?”

“చాలా ఇళ్లల్లో చేసింది,” అంది ఒడెస్సా. ఆయా అట, ప్రాణం పెట్టేదట. వీళ్ల బుర్రలు అంతకంటే ముందుకు పోవు. ఆమెకు నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది.

“ఆ పిల్ల చూసిందా మరి?” అని ముక్కు చీదినావిడ అడిగింది.

“అది అధ్యక్షురాలు సరేనంటే చెప్తాను.”

“చాలు,” అంది మిసెస్ హార్గ్రోవ్. గొంతు పదునెక్కింది. “కాలక్షేపం కథలు వినడానికి రాలేదు మనం. చేతులెత్తండి, తేల్చేద్దాం.”

కమిటీలో చేతులు సగానికి సగం అయ్యాయి. ఇక మిగిలింది అధ్యక్షురాలి చెయ్యే. ఒడెస్సా ఆమెనే చూస్తూ నిలబడింది. ఆమె బల్లవైపు చూసింది, కిటికీవైపు చూసింది, ఒడెస్సావైపు మాత్రం చూడలేదు. చివరికి చెయ్యి మెల్లగా లేచింది.

“రాయండి. మెట్ల సంగతి రాయండి.”

బాస్కమ్ నోరు తెరిచాడు. ఒడెస్సా థాంక్స్ కూడా చెప్పలేదు. అందరూ చల్లటి టీ మీదా, పీకాన్ గింజల మిఠాయి మీదా పడుతుంటే సంచీ తీసుకుని బయటికి నడిచింది.

వరండాలో వెనక నుంచి గబగబా అడుగులు వినిపించాయి. మిసెస్ హార్గ్రోవ్.

“నీక్కావలసింది దక్కిందిగా,” అంది పళ్లు బిగించి. “ఇంకెప్పుడూ నా ఛాయలకు రాకు.”

“వస్తే నీ మొహం చూడాలిగా. రాను,” అని ఒడెస్సా తలుపు తోసింది.

ముత్యాలావిడ ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

“పోయేముందు అమ్మ నా గురించి అడిగిందా, అక్కా?”