ఏడో గీత

ఒంట్లోకి కాడ్మియం లాంటి విషలోహం చేరితే కణాలు కంగారుపడి, దాన్ని పట్టి బంధించే ప్రోటీన్‌ను తయారు చేసుకుంటాయి. ఆ ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే పరీక్ష ఫిల్ము మీద గీత అంత నల్లగా పడుతుంది. పదకొండేళ్లుగా ఆ ల్యాబు టెక్నీషియన్ చేస్తున్న పని ఆ గీతలు చూడటమే. కాడ్మియం కలిపిన నీళ్లలో పెంచిన ఆరు చేపలకు ఆరు గీతలు. పక్కన పోల్చి చూసుకోవడానికి ఏడోది, ఆమె వేలి నెత్తురుది. ఆ మాత్రం ఆరోగ్యం తనకుందని ఆమె ధీమా. ఆ గీత ఎప్పుడూ కనపడీ కనపడనట్టే ఉండేది.

ఆ రాత్రి ఏడో గీతే అన్నిటికన్నా నల్లగా పడింది.

నమూనాల గొట్టాలు తారుమారు చేసుంటానని తనను తానే తిట్టుకుంది. మళ్లీ వేలు పొడుచుకుని మొదటి నుంచీ చేసింది. చేపల తొట్లలో బుడగల చప్పుడు తప్ప మరేమీ వినపడని ఆ గదిలో మూడు గంటలు కూర్చుంది. గీత మళ్లీ అంతే నల్లగా పడింది.

ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తారు.

"పాప పడుకుందా అత్తయ్యా?"

"ఇప్పుడే నిద్రపోయింది. నోరంతా ఇనుము నాకినట్టుందని ఒకటే గొడవ. రెండు గ్లాసుల నీళ్లు పట్టించాను."

"ఏ నీళ్లు?"

"ఏ నీళ్లేంటమ్మా, మన కొళాయి నీళ్లే. ఊరంతా తాగేవేగా."

ఆమె ఫోన్ పెట్టేసింది. పొద్దున ఇంట్లో నింపుకొచ్చిన సీసా అలవాటుగా అందుకుని, మూత తీసి, పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది.

సీసాలో రెండు గుక్కలే మిగిలి ఉన్నాయి.