గోడకు కమ్మీ

"ఈ ఇల్లు అమ్మేముందు వంటగది జోలికి పోకండి, పెట్టిన డబ్బు తిరిగిరాదు. స్నానాలగది మాత్రం మార్చాల్సిందే. ఆ పాత స్నానపు తొట్టి తీసేసి, పట్టుకోడానికి గోడకో కమ్మీ పెట్టించండి," అంది డులూత్‌లో ఇళ్లు అమ్మిపెట్టే కోలీన్.

"రేపే పెట్టిద్దాం," అన్నాడు వెండెల్.

అతని భార్య లోర్నా తలెత్తింది. "మోకాలి ఆపరేషనయ్యాక ఆ కమ్మీ కోసం రెండేళ్లు బతిమాలాను. తొట్టిలో జారిపడ్డాక కూడా దండగన్నావు."

"అప్పుడు వాడేది మనమేగా! ఇప్పుడు కొనేవాళ్లు చూస్తారు."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో సిగ్గన్నది లేదు. ముప్పై ఏళ్లు ఈ మనిషి పక్కన పడుకున్నానా అని లోర్నాకు ఒళ్లు కంపరమెత్తింది.

"కోలీన్, మా ఇద్దరికీ చిన్న ఇల్లు చూడమన్నాం కదా," అంది. "నా ఒక్కదానికే చూడు. ఈయనది ఈయన వెతుక్కుంటాడు."