పొడి ఈత

శంకరపల్లి దగ్గరి ఆ వృద్ధుల కాలనీలో, క్లబ్బు ఈతకొలనులోంచి నీళ్ళు తోడేసి ఏళ్ళయింది. అయినా పొద్దున్నే అందరూ ఈతదుస్తులు వేసుకుని, కళ్ళకు అద్దాలు తగిలించుకుని, కొలను అడుగున పరుపుల మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించేవారు. ఆ అద్దాల్లో సముద్రమే కనిపిస్తుందట. పైకొచ్చాక తువ్వాళ్ళతో ఒళ్ళు కూడా తుడుచుకునేవారు.

వకుళ గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తూ మొహం చిట్లించేది. ఆ రోజు స్నేహితురాలు హైమావతి తడవని జుట్టు పిండుకుంటూ వచ్చి, "నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయే!" అంది.

"ఏ నీళ్ళే? సిగ్గులేకపోతే సరి!"

"ఎప్పుడూ ఏడుపేనా నీకు? సాయంత్రం మీటింగుకి రా. కొలను పైపులు పీకేద్దామంటున్నారు. ఎవరికీ అక్కర్లేనివి ఎందుకు చెప్పు?" అంటూ హైమావతి మళ్ళీ అద్దాలు పెట్టుకుని దిగిపోయింది.

వకుళ ఇంటికెళ్ళింది. మనిషికి రోజుకొక్క బకెట్టే నీళ్ళు. స్నానానికి ఉంచుకున్న ఆ బకెట్టును ఆయాసపడుతూ మోసుకొచ్చింది. నిజం నీళ్ళు ఒంటికి తగిలితేనైనా దీనికి బుద్ధొస్తుందనుకుని, హైమావతి వీపు మీద మొత్తం కుమ్మరించింది.

హైమావతి కెవ్వుమని లేచి అద్దాలు లాగేసింది. "ఛీ, ఏంటే ఇది! ఒళ్ళంతా తడి తడిగా... యాక్!"

పక్కవాళ్ళు చీదరించుకుంటూ తమ పరుపులు దూరంగా జరుపుకున్నారు.

మర్నాడు గట్టు మీద కొత్త బోర్డు వెలిసింది: "ఈతకొలనులో నీళ్ళు పోయరాదు."

వకుళ దాన్ని ఆసాంతం చదివి, కొలనులోకి తుపుక్కున ఉమ్మింది.