పొయ్యి ఆర్పేనో లేదో

"అయ్యో, పొయ్యి ఆర్పేనో లేదో" అంటూ వీరాయమ్మ మళ్లీ బండి దిగిపోయింది.

ఆమె లేచిన చోట ఇంకొకరు సర్దుకుని కూర్చున్నారు. నిండిన బండి అంబాజీపేట వైపు సాగిపోయింది.

సుధీర్ తల పట్టుకున్నాడు. పొద్దున్న గొడుగు మర్చిపోయింది. నిన్న కళ్లజోడు. మొన్న, అసలు ఎక్కడికి వెళ్లాలో.

అమలాపురం గడియారస్తంభం దగ్గర ఈ కొత్త కరెంటు షేర్ ఆటోల వ్యవహారమంతా అతనిదే. ఫోన్లోనే సీటు పట్టుకోవచ్చు. ఖాళీలు తెరమీద కనిపిస్తాయి. మొదలుపెట్టి వారమైంది, ఒక్క బండీ ఖాళీగా కదల్లేదు.

అదంతా యాప్ మహిమేనని అతని నమ్మకం.

ఆ మహిమను మదింపు చెయ్యడానికి ఇవాళ హైదరాబాదు నుంచి కంపెనీ అధికారి విజయకుమారి మేడమ్ వస్తున్నారు. ఆవిడ సరేనంటే ఉన్న ఊళ్లో ఉద్యోగం. కాదంటే మస్కట్‌లో మేనమామ కొట్టు.

తర్వాతి బండి వచ్చి ఆగిందో లేదో, వీరాయమ్మ ఎక్కి నడిమధ్యన కూర్చుంది.

"పొయ్యి ఆర్పేరా పిన్నిగారూ?"

"ఏమో బాబూ. ఎందుకెళ్తున్నానో దారిలోనే మర్చిపోయేను."

"సీటు ఫోన్లో పట్టుకున్నారా?"

"ఫోన్లో ఎందుకు నాన్నా, కూర్చుని పట్టుకున్నాను కదా."

సుధీర్‌కి జాలేసింది. వెళ్లాలనీ ఉంటుంది, వెళ్లాలంటే భయమూ ఉంటుంది. ఆ భయమే మతిమరుపు వేషం వేసుకుని వస్తుంది కాబోలు అనుకున్నాడు. కానీ మేడమ్ వచ్చే వేళయింది.

"ఇవాళ్టికి దిగండి పిన్నిగారూ. పెద్దావిడ వస్తున్నారు. సీట్లు నిజం ప్రయాణికులకే."

వీరాయమ్మ అతని మొహంలోకి చూసింది.

"నిజంగా దిగమంటావా?"

"ఆయ్, దిగండి."

"నీ ఇష్టం నాన్నా."

మేడమ్ వచ్చేసరికి బండి పెళ్లికొడుకులా మెరుస్తోంది. లోపల ఎవరూ లేరు.

ఒకాయన వచ్చి సీటు మెత్తగా నొక్కి చూశాడు.

"ఎప్పుడు కదుల్తుందండీ?"

"నిండగానే అండీ."

"అయితే నిండేక వస్తానండీ."

ఇంకొకావిడ వచ్చింది. తొంగి చూసింది.

"కొంచెం నిండనివ్వండి, వస్తాను."

ఎవరూ కాదనలేదు. అందరూ ఎంతో మర్యాదగా తర్వాత వస్తామన్నారు. తెరమీద మాత్రం అన్ని ఖాళీలూ పచ్చగా వెలుగుతున్నాయి.

"అందరూ నిండాక వస్తామంటే నిండేదెలా?" అన్నారు మేడమ్.

సుధీర్ తెరమీది పచ్చటి ఖాళీలు చూపించాడు. ఆవిడ కాసేపు ఎండలో నిలబడి, కారెక్కి వెళ్లిపోయారు.

అప్పుడు కనిపించింది, ఎదురుగా ఆటో స్టాండులో సత్తియ్య పాత ఆటో. నడిమధ్యన వీరాయమ్మ. ఆమె పక్కన ఒకరు, ఆ పక్కన ఇంకొకరు, సీటు మెత్తగా నొక్కి చూసినాయనతో సహా.

చూస్తుండగానే ఆటో కిటకిటలాడింది.

"అయ్యో, పొయ్యి ఆర్పేనో లేదో" అంటూ వీరాయమ్మ దిగి, నేరుగా టీ బడ్డీ దగ్గరికి వెళ్లింది.

సుధీర్ పరుగున వచ్చాడు.

"సత్తియ్యగారూ, ఆవిడ మీ చుట్టమాండీ?"

"కాదండీ" అన్నాడు సత్తియ్య, ఇంజను తిప్పుతూ. "ఖాళీ బండి ఎవరూ ఎక్కరని మా స్టాండంతా కలిసి పెట్టుకున్న మొదటి ప్రయాణికురాలండీ ఆవిడ, తమరు కొత్త కదా, మొహం చిన్నబోతుందని ఈ వారం మేమే మీ బండికి పంపించేం."