మలుపులో బూడిద

హోసూరు దగ్గర అత్తిముగం దాటాక వచ్చే మలుపులో పొద్దున్నే పాలవ్యాను, కారు గుద్దుకున్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవర్లిద్దరూ కాసేపు తమిళంలో, కాసేపు కన్నడంలో తిట్టుకున్నారు. క్రేన్ వచ్చి కారును లాక్కెళ్లింది. జనం ఎవరి దారిన వాళ్లు పోయారు.

కారిన ఇంజన్ ఆయిలు, రేడియేటర్ నీళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి.

అప్పుడొచ్చింది ఒక ముసలామె. చంకలో గోనెసంచి, చేతిలో పొరక. సంచి విప్పి, గుప్పిళ్లతో బూడిద తీసి రోడ్డు మీద చల్లసాగింది.

మలుపు పక్కనే గురుమూర్తి కిరాణా అంగడి. ఆమెను చూడగానే తూకం వేస్తున్న కందిపప్పు అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

“ఏయ్! ఏం చల్లతా ఉండావమ్మా ఈడ?”

“బూడిదప్పా. ఆయిలు కారింది కదా, బండ్లు జారతాయి.”

“యాడి బూడిద? శ్మశానం నుంచి తెచ్చినావా?”

“అయ్యో, ఇటుకల బట్టీదప్పా. ఆయిలు పీల్చుకున్నాక నేనే ఊడ్చి ఎత్తుకొని పోతాను.”

గురుమూర్తి నమ్మలేదు.

మామూలుగా అతను మెత్తని మనిషి. గీచిగీచి బేరమాడేవాళ్లతో కూడా నవ్వుతూనే మాట్లాడతాడు. కానీ నిరుడు ఆ మలుపు అతని ఒక్కగానొక్క కొడుకు హేమంత్‌ను మింగేసింది. ఏ బండీ గుద్దలేదు. బైకు కొత్తది, తలకు హెల్మెట్ ఉంది. తెల్లవారుజామున వానలో తనంతట తానే పడిపోయాడు. ఎలా పడ్డాడో ఎవరూ చెప్పలేకపోయారు.

“ఆ మలుపులో ఏదో గాలి ఉండాది” అన్నారు ఊళ్లో. కారణం తెలియక అల్లాడుతున్న తండ్రికి ఆ మాటే కారణమైపోయింది. అప్పట్నుంచి ప్రతి అమావాస్యకూ అక్కడ గుమ్మడికాయ పగలగొట్టి దిష్టి తీస్తున్నాడు.

అంగడిలోంచి అతని భార్య గౌరి కూడా వచ్చింది.

“పోయిన నెల ఆటో పడినప్పుడు కూడా ఈమె వచ్చి ఉండె. ఈమె వచ్చి పోతా ఉండేదానికే ఈడ బండ్లు పడతా ఉండాయి!”

బండ్లు పడ్డాకే కదా ఆమె వస్తోంది అని అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

గురుమూర్తి సంచి లాక్కుని పక్కనున్న కాలవలోకి విసిరేశాడు. గౌరి బిందెడు పసుపు నీళ్లు తెచ్చి, బూడిద చల్లిన చోటా చల్లని చోటా కుమ్మరించింది.

“నీళ్లు పొయ్యొద్దు తల్లీ! ఇంకా జారుతుంది!”

“పోతావా, పోలీసోళ్లను పిలవాల్నా?” అని గద్దించాడు గురుమూర్తి.

ముసలామె అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి తల దించుకుంది.

కానీ వెళ్లిపోలేదు. నాలుగడుగులు ముందుకెళ్లి, రోడ్డు మధ్య నిలబడి, పొరక పైకెత్తి బండ్లను ఆపసాగింది. కొందరు హారన్ కొట్టారు. కొందరు పిచ్చిదని నవ్వారు.

బాగలూరు గులాబీ తోటల్లో పనికి పోతున్న సింధు మాత్రం స్కూటీ ఆపింది.

“ఏమైందవ్వా?”

జవాబు చెప్పేలోపే అవతలి వైపు నుంచి టమోటాల లారీ వచ్చింది. పసుపు నీళ్ల దగ్గర బ్రేకు వేయగానే అడ్డంగా జారి సింధు మీదికి దూసుకొచ్చింది.

ముసలామె సింధును ఒక్క తోపు తోసింది. తాను తప్పుకోలేకపోయింది.

గురుమూర్తి పరుగెత్తాడు. నాలుగో అడుగులోనే చెప్పు జారి వెల్లకిలా పడ్డాడు. లేవబోయి మళ్లీ జారాడు. అరచేతులు చూసుకుంటే పసుపు నీళ్ల కింద ఆయిలు జిగటగా ఉంది.

కొడుకు ఎలా పడ్డాడో అతనికి అప్పుడు అర్థమైంది. గాలీ లేదు, దయ్యమూ లేదు.

పాకుతూ వెళ్లి ముసలామె తల ఒళ్లోకి తీసుకున్నాడు. “తప్పయిపోయింది తల్లీ” అని ఏడ్చాడు. ఆమెకు వినిపించలేదు. ఆంబులెన్స్ హోసూరు చేరకముందే ప్రాణం పోయింది.

ఆమె పేరు కదిరమ్మ అనీ, ఊరు అత్తిముగమే అనీ క్రేన్ డ్రైవర్ శశికుమార్ చెప్పాడు. మర్నాడు గురుమూర్తి వెతుక్కుంటూ వెళ్లాడు. రేకుల ఇల్లు. గుమ్మంలో కదిరమ్మ కూతురు రేణు కూర్చుని ఉంది.

“బూడిద పారేసినోణ్ని నేనేనమ్మా. మీ అమ్మ నా వల్లే పోయింది. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను.”

రేణు లేచి పక్కకు జరిగింది. లోపలికి రమ్మంది.

లోపల అడుగుపెట్టిన గురుమూర్తి అక్కడే ఆగిపోయాడు. గోడకు పూలదండతో ఒక ఫోటో. హేమంత్‌ది.

“ఈ పిల్లోడి ఫోటో ఈడికెట్లా వచ్చిందమ్మా?”

“ఎవురి బిడ్డో నాకు తెలీదప్పా. ఈ పిల్లోడు పోయినప్పుడు గోడలకు అంటించిన కన్నీటి అంజలి పోస్టరు లోంచి అమ్మే కత్తిరించి తెచ్చుకునింది. దినామూ పూలు పెడతా ఉండె. ఆ మలుపుకు పోయినప్పుడల్లా, ఈ పిల్లోడి నాయన కాళ్ల మీద పడి చెప్పుకుంటాననే పోయేది. నోరు పెగలక, బూడిద చల్లి వచ్చేసేది.”

గురుమూర్తి ఫోటో వైపు ఒకడుగు వేశాడు.

“ఏం చెప్పుకోవాలని?”

“నిరుడు ఒక రాత్రి ఆ మలుపులోనే మా టెంపో ఇంజన్ పగిలి ఆయిలంతా కారిపోయె. తెల్లారినాక తుడుద్దాంలే అని అమ్మ బండిని లాగించుకొని ఇంటికొచ్చేసింది, తెల్లారేలోగా ఈ పిల్లోడు దాని మీద జారిపడి పోయినాడప్పా.”