రంగు తీసే చెయ్యి

"కదలకు," అన్నాడాయన.

"ముక్కు దురదగా ఉందండీ."

"నలభై ఆరేళ్ళుగా నేను బ్రష్షు ఎత్తగానే పుడుతుంది నీకా దురద."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆయన నాటకశాలలో మేకప్ మనిషి. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా రంగుల పెట్టెను మాత్రం వదల్లేదు. రోజూ పొద్దున్నే కిటికీలకి నాటకశాల పాత తెరలు దించి, దీపం వేసి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. నుదురు, కళ్ళ చివరలు, చెంపలు, ఆఖరికి చేతివేళ్ళు కూడా వదిలేవాడు కాదు. పెళ్ళిరోజున అరగంట ఎక్కువ పట్టేది. ఏటేటా పని పెరుగుతోందని వేళాకోళం చేసేవాడు.

"ఎలా ఉన్నాను?" అని అడిగేదామె.

"నా పక్కకి సరిపోయావు." రోజూ అదే జవాబు.

అడగక తప్పదు. ఆ ఇంట్లో అద్దం లేదు. అద్దంలో కనిపించని మనిషి ఉన్న ఇంట్లో అద్దమెందుకని కాపురం పెట్టిన రోజే తీసేశారు.

అవును, ఇద్దరిలో ఒకరిది రక్తం తాగి బతికే జాతి. జనం రక్తపిశాచి అంటారు. పేరు వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, దగ్గరుండి చూస్తే అదీ అన్ని కాపురాల్లాంటిదే. అలకలుంటాయి, బతిమాలుకోవడాలుంటాయి. వంట ఒక్కరికి చేస్తే సరిపోతుంది, అంతే తేడా. వారానికి రెండుసార్లు, పొద్దు వాలాక, ఆయన మెడకి మఫ్లరు చుట్టుకుని, మూత బిగించిన స్టీలు క్యాను పట్టుకుని మాంసం కొట్టుకి వెళ్ళేవాడు.

"ఇంత రక్తం తాగే కుక్కని ఒక్కసారైనా చూపించరేం సార్?" అనేవాడు కొట్టువాడు.

"దానికి సిగ్గెక్కువలే," అనేవాడాయన.

ఎదురింటావిడ మధ్యాహ్నాలు కబుర్లకి వచ్చేది. "ఈ వయసులోనూ రోజూ ముస్తాబేనా పిన్నిగారూ! మా ఆయన నా ముఖం వంక చూసి ఎన్నాళ్ళయిందో. బాబాయిగారి వయసు మాత్రం ఎవరికీ అంతుబట్టదు. అంతా ఆ పెట్టె మహిమ."

ఆమె తెల్లజుట్టు ముడి సర్దుకుంటూ నవ్వేసేది. మోకాళ్ళ నొప్పులని చెప్పి గడప దాటేది కాదు.

ఒక సాయంత్రం డాక్టరు వచ్చాడు. పరీక్షల కాగితాలు రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ ఇద్దరి దగ్గరా దాచి లాభం లేదు. నెల రోజులు. మహా అయితే ఇంకో వారం."

డాక్టరు మెట్లు దిగాక ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

"ఏడవకు. రంగు చెరిగిపోతుంది."

"పోతే పోనీండి. ఒక్క కాటు. ఒక్కటంటే ఒక్కటి. ఇద్దరం ఇలాగే ఉండిపోదాం."

"మళ్ళీ మొదలెట్టావా?"

"మీరు లేకుండా నేనెక్కడికని పోను?"

"ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని పెళ్ళికి ముందే ఒట్టు పెట్టుకున్నాం కదే. ఇప్పుడు భయపడి సరే అంటే ఇన్నేళ్ళ పట్టుదలా గంగలో కలిసినట్టే."

"మీ పట్టుదలకి నన్ను బలిపెడతారా?"

ఆయనకీ ఆశ ఉంది. ఒక్క మాట అంటే ఈ గది, ఈ దీపం, ఈ ముక్కు దురద ఎప్పటికీ ఉండిపోతాయి. ఆ మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"ఆటకి ఆఖరనేది ఉండాలే," అన్నాడు. "తెర దించకపోతే అదేం ఆట?"

ఆ నెలంతా ఆమె అలిగింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. ఆయన వద్దన్న మాట మీదే నిలబడ్డాడు. క్యాను గూట్లోంచి కిందికి దిగలేదు. ఆకలి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. పొద్దుటి ముస్తాబు మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆయన చెయ్యి వాలిపోతే ఆమె మణికట్టు పట్టుకుని నిలిపేది.

ముప్ఫై మూడో రోజు మధ్యాహ్నం ఆయన రంగుల పెట్టె మంచం మీద పెట్టించుకుని, బ్రష్షుకి బదులు పత్తి, నూనె సీసా తీశాడు.

ఎందుకో ఆమెకి తెలుసు. ఆయన గురువు నేర్పిన పద్ధతి ఒకటుంది. రంగు వేసిన చెయ్యే రంగు తీయాలి. ఎవర్నీ రంగుతో ఇంటికి పంపకూడదు. నాటకశాలలో ఆఖరి నటుడి ముఖం తుడిచేదాకా ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదు.

"వద్దండీ," అంది, ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని. "ఇలాగే ఉంటాను. మీ పక్కకి సరిపోయినట్టే ఉంటాను."

"నేను తప్ప ఎవరు తీస్తారే? కదలకు."

ఆమె కదల్లేదు. ఈసారి ముక్కు దురద కూడా పుట్టలేదు. ఆయన ఆమె ముడిలోని పిన్నులు ఒక్కొక్కటే తీశాడు. నూనెలో తడిసిన పత్తి నుదుటి మీద మొదలై కళ్ళ చివరలకి, చెంపలకి, గడ్డానికి దిగింది. ఎంత తుడిచినా ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఓపిగ్గా అదీ తీశాడు.

"ఎలా ఉన్నాను?" అని అడిగిందామె.

జవాబు రాలేదు. పత్తి నేల మీద పడింది.

కేక విని పరుగెత్తుకొచ్చిన ఎదురింటావిడకి, చల్లబడిపోయిన బాబాయిగారి ముడతల చెయ్యి చెంపకి ఆనించుకుని, తెల్లజుట్టు విగ్గు ఒళ్ళో పెట్టుకుని, పిన్నిగారి బట్టల్లో కూర్చున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి కనిపించింది.