మైకూ, రేడియో

"ఏమయ్యా, ఇంతసేపూ నేను ఎవరితో మాట్లాడినట్టు? కుర్చీలతోనా?" ఎండీ గారు హాలు మధ్యలో నిలబడి గర్జించారు.

వరసల కొద్దీ ఖాళీ కుర్చీలు. ఆఖరి వరసలో వాచ్‌మన్ ఒక్కడున్నాడు. అతనూ వినడానికి రాలేదు, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చాడు.

మైకు తల వంచుకున్నాడు. ఆ గొడుగుల కంపెనీలో అతని హోదా కమ్యూనికేషన్స్ ఆఫీసర్. పైవాళ్ళ మాట కిందివాళ్ళకి చేర్చడం, సిబ్బందిలో ఉత్సాహం నింపడం అతని పని. ఎప్పుడూ చేతిలో మైకు పట్టుకుని తిరుగుతాడని ఆఫీసంతా కలిసి ఆ పేరే ఖాయం చేసింది. మైకుంది కానీ, పాపం, వినే చెవే లేదు.

"మెయిలు పెట్టాను సార్. నోటీసు అంటించాను. బెలూన్లు కూడా కట్టాను."

"నా ఉపన్యాసం బెలూన్లు వింటాయా?"

"మనమంతా ఒకే కుటుంబం అని పెద్దక్షరాలతో రాయించాను సార్."

"అందుకే కాబోలు, ఇంట్లో లాగే ఇక్కడా నా మాట ఎవరూ వినడం లేదు!" ఎండీ గారు నుదురు కొట్టుకున్నారు. "ఇంకో విడ్డూరం చెప్పనా? వినమన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. దాచిన మాట మాత్రం క్షణంలో ఊరంతా తిరిగేస్తుంది. కొత్త గొడుగుకి చిలకపచ్చ రంగు వేద్దామని నిన్న నా గదిలో అనుకున్నాను. పొద్దున్న గేటు దగ్గర ఈ వాచ్‌మనే ఆపి, ఆ రంగు బాలేదు సార్, మార్చండి అంటాడు!"

వాచ్‌మన్ నిద్రలోనే తల ఊపాడు.

"సాయంత్రం నాలుగింటికి మళ్ళీ మీటింగ్. హాలు నిండాలి. నిండలేదో, ఈ ఖాళీ కుర్చీల్లో నీ కుర్చీ కూడా కలుస్తుంది."

మైకుకి కాబోయే మావగారు ఈ హోదా చూసే పిల్లనిస్తానన్నారు. అబ్బాయి ఇంకా ఆఫీసర్ గానే ఉన్నాడా అని రోజూ రిసెప్షన్‌కి ఫోను చేసి మరీ కనుక్కుంటారాయన. కుర్చీ పోతే పిల్లా పోయినట్టే.

కాళ్ళీడ్చుకుంటూ రిసెప్షన్ దగ్గరికి వచ్చాడు. అక్కడ కూర్చునే ఆవిడ పేరు రేడియో అక్క. ఆవిడ చెవిలో పడిన మాట లిఫ్టు కంటే ముందు పై అంతస్తుకి చేరుతుంది. ఈ సంగతి ఆఫీసులో ఇద్దరికే తెలియదు. ఒకరు ఎండీ గారు. రెండోవారు ఆవిడే.

"ఏం తమ్ముడూ, మొహం అలా వేలాడేశావు?"

మైకు చెప్పబోయి ఆగాడు. చటుక్కున ఒక ఆలోచన తట్టింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నాలుగింటికి హాల్లో పెద్దవాళ్ళు ఏదో రహస్యంగా మాట్లాడుకుంటారట. స్టాఫ్‌ని ఒక్కర్ని కూడా రానివ్వద్దన్నారు. ఎవరికీ చెప్పకు."

"ఛ, నాకెందుకు చెప్పు!" అంటూనే ఆవిడ చెయ్యి ఫోను మీదికి పోయింది.

నాలుగు కొట్టకముందే హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక కొందరు కిటికీలెక్కారు. కుట్టు విభాగం వాళ్ళు కత్తెర్లతో సహా వచ్చేశారు. పంటి నొప్పని సెలవు పెట్టిన క్యాషియర్ బుగ్గ పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. 'సంస్థలో పరస్పర సంభాషణ ఆవశ్యకత' మీద ఎండీ గారు ఏకబిగిన మాట్లాడితే ఒక్కరు దగ్గితే ఒట్టు. రహస్యం కదా అని ఆఖర్న చప్పట్లు కూడా చప్పుడు కాకుండా కొట్టారు.

ఎండీ గారికి కళ్ళు చెమర్చాయి. మైకుని గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నారు.

"ఏం మంత్రం వేశావయ్యా?"

"మంత్రమేం లేదు సార్. మీటింగుకి ఎవర్నీ రానివ్వరని ఒక మనిషి చెవిలో ఊదాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. అంతే."

"ఎవరా మనిషి?"

"పేరడక్కండి సార్. తెలిస్తే ఆ నోరు మూతపడుతుంది. మనకే నష్టం."

"భలేవాడివే!" ఎండీ గారు అతని వీపు తట్టారు. "నిన్ను మేనేజర్ని చేస్తున్నాను. కానీ ఒక షరతు. నా గదిలో మాట బయటికి మోసే దొంగ ఎవరో రేపటికల్లా పట్టుకోవాలి. లేకపోతే కథ మళ్ళీ మొదటికే. అంతవరకూ ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

"ప్రాణం పోయినా చెప్పను సార్."

అన్నట్టే పెదవులు బిగించుకుని బయటపడ్డాడు. నోరు తెరవాల్సి వస్తుందని దారిలో మంచినీళ్ళు కూడా తాగలేదు.

"రండి రండి, మేనేజరు గారూ!" రిసెప్షన్లోంచి రేడియో అక్క చేతులు ఊపింది.

మైకు ఉన్నచోటే నిలబడిపోయాడు. గదిలో ఉన్నది ఇద్దరే. తను చెప్పలేదు.

"మీ మావగారు ఫోను చేస్తే ఆయనకీ చెప్పేశాను. పొంగిపోయారనుకో! అది సరేగానీ తమ్ముడూ, హాలు నింపడానికి ఎవరి చెవిలోనో ఊదావటగా? నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషెవరు?"

"అక్కా... ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

ఆవిడ చాలా నొచ్చుకుంది. "అది మాత్రం చెప్పను. నమ్మి చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టే దాన్నా నేను?"

ఇంతలో బల్ల మీద ఫోను మోగింది. ఆవిడ తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించింది.

"చెప్పండి ఎండీ గారూ... అయ్యో రామ, నేనెవరికి చెబుతాను సార్!"